అయిదు పాదాల అభిమన్యుడు

మన కంద పద్యానికి నాలుగు పాదాలు. ఈ ఇంగ్లీషు పద్యానికి అయిదు. అంతే. దాని పేరు చదివే లోపలే పద్యం అయిపోతుందేమోనని భయం వేస్తుంది: ‘ది డెత్ ఆఫ్ ది బాల్ టరెట్ గన్నర్’. రాసినవాడు అమెరికన్ కవి రాండల్ జారెల్. 1945లో అచ్చయింది. బందరులో నేను కొత్తగా ఇంగ్లీషు లెక్చరరుగా చేరిన రోజుల్లో ఈ పద్యాన్ని ఏడాదికోసారి పాఠం చెప్పేవాణ్ణి. చెప్పడం నలభై నిమిషాలు, పరీక్షలో పది మార్కులు. ఎంత అన్యాయంగా చెప్పానో తర్వాత తెలిసింది.

ముందు ఆ ‘బాల్ టరెట్’ అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే పద్యం అందదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ళ పెద్ద బాంబరు విమానాలు బి-17, బి-24. వాటి పొట్ట కింద గాజూ లోహమూ కలిసిన ఓ గుండ్రటి బుడగ వేలాడుతూ ఉండేది. దానిలో రెండు మరతుపాకులు, వాటి మధ్య ఒక మనిషి. చోటు చాలదు కనుక పొట్టివాళ్ళనే ఏరి కూర్చోబెట్టేవారు. మోకాళ్ళు ముడుచుకుని, బుడగ ఎటు తిరిగితే అటు తనూ తిరుగుతూ, ఒక్కోసారి తలకిందులై కాల్చాలి. పారాచూట్ తగిలించుకోవడానికి కూడా సాధారణంగా చోటుండేది కాదు. తుపాకులు సరిగ్గా నేలవైపు తిరిగి ఉన్నప్పుడే పైన తలుపు విమానంలోకి తెరుచుకునేది. బుడగ తిరగడం మానేసిందా, లోపలివాడు లోపలే.

జారెల్ స్వయంగా యుద్ధంలో బాంబులు వేసినవాడు కాడు. సైన్యంలో చేరి, విమాన చోదకుడిగా పనికిరాక, నక్షత్రాల్ని చూసి దారి కనుక్కోవడం కుర్రాళ్ళకు నేర్పాడు. తను నేర్పినవాళ్ళు వెళ్ళి తిరిగి రాకపోవడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. మేష్టర్లు రాసే పద్యాలు నాకు సాధారణంగా పడవు గానీ, ఇది వేరు.

పద్యంలో మాట్లాడేది చచ్చిపోయిన గన్నరే. తల్లి నిద్రలోంచి జారి ప్రభుత్వం పొట్టలో పడ్డాననీ, అక్కడ ముడుచుకుని ఉండగా ఆకాశంలో మెలకువ వచ్చిందనీ, ఆ మెలకువే చావనీ అతని కథ. చివరి పాదంలో తన శరీరం ఏమైందో చెప్తాడు. కార్ఖానాలో కూలివాడు యంత్రం శుభ్రం చేసినంత మామూలుగా చెప్తాడు.

తల్లి నిద్ర అనగానే తెలుగువాడికి ఎవరు గుర్తుకు రావాలి? సుభద్ర. మన ఇళ్ళలో అమ్మమ్మలు చెప్పే కథలో పద్మవ్యూహం సంగతి వింటూ వింటూ ఆమె నిద్రపోతుంది. కడుపులో ఉన్నవాడు లోపలికి వెళ్ళే దారి విన్నాడు, బయటికొచ్చే దారి వినలేదు. జారెల్‌కి మన అభిమన్యుడు తెలిసుంటాడని నేననను. కానీ అమెరికావాడి పద్యంలో అర్థంకాని ఆ మొదటి పాదం బందరు పిల్లకాయకి అమ్మమ్మ దగ్గరే అర్థమైపోయి ఉంది. భాగవతం మూడో స్కంధంలో కపిలుడు దేవహూతికి చెప్పిన గర్భస్థ శిశువు సంగతీ ఉంది కదా. ముడుచుకుని, బాధపడి, దేవుణ్ణి ప్రార్థించి, బయటపడగానే అంతా మరచిపోతాడు. గన్నరుకి ఆ మరుపు కూడా దక్కలేదు. ఇవేవీ నేను క్లాసులో చెప్పలేదు. ‘ఐరనీ’ అని బోర్డుమీద రాసి గీత గీశాను.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో పోయినవాళ్ళు పదివేలకు పైగా అని లెక్క కట్టారు. కాలేజీ మళ్ళీ తెరిచాక, నాగాయలంక వైపు కుర్రాడొకడు వెనక బెంచీలో కూర్చునేవాడు, పేరు చెప్పను. ఆ రోజు పాఠం ఈ పద్యమే. మార్చుకుందామన్న బుద్ధి నాకు లేకపోయింది. అయిపోయాక వచ్చాడు.

“మాస్టారూ, ఇందులో ఆ గన్నరు పేరేంటండీ?”

“పేరు లేకపోవడమే ఇందులో గొప్పతనమయ్యా. ఎవరైనా కావచ్చు.”

కాసేపు పుస్తకం కేసి చూశాడు. “ఎవరో ఒకళ్ళ పేరు తెలిసినవాళ్ళు ఆ మాట అనరండీ” అని వెళ్ళిపోయాడు. వాళ్ళింట్లో పదకొండు మంది పోయారని తర్వాత ఇంకొకరు చెప్పారు.

విమర్శకులు రాసినవాటిలో నాకు ఆ మాటకి సమాధానం దొరకలేదు. పద్యం గొప్పదే. అయినా పేరు తీసేసే పని ప్రభుత్వం ఎలాగూ చేసింది, కవి కూడా అదే చేశాడేమో అన్న అనుమానం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు.

పేరు మిగలడం కూడా ఒక్కోసారి చిత్రంగానే మిగులుతుంది. హైదరాబాదు నిజాం డబ్బుతో కొన్న విమానాలతో 1918లో యుద్ధానికి వెళ్ళిన బ్రిటిషు బాంబరు దళానికి 110 (హైదరాబాదు) స్క్వాడ్రన్ అని పేరు. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మనీ యుద్ధనౌకల మీదికి బాంబులతో వెళ్ళినవాటిలో ఆ దళం విమానాలున్నాయి. ఒకటి కూలి ‘ఎమ్డెన్’ అనే నౌక మీద పడింది. 1914లో మద్రాసు మీద గుళ్ళు కురిపించిన నౌకకి వారసురాలుగా ఆ పేరు పెట్టుకున్న నౌక అది. విమానం నడిపినవాడి ఇంటిపేరు కూడా ఎమ్డెనే! ఈ వింత వల్ల అతని పేరు పుస్తకాల్లోకెక్కింది. అదే విమానంలో అతనితో పాటు పోయినవాళ్ళ పేర్లు ఆ వింత చెప్పేవాళ్ళెవరూ చెప్పరు.

ఈ పద్యాన్ని తెలుగులోకి తెద్దామని నాలుగైదుసార్లు కూర్చున్నాను. అయిదు పాదాలు తొమ్మిదవుతున్నాయి. చివర ‘అయ్యో’ అనే మాట నాకు తెలీకుండానే వచ్చి చేరుతోంది. జారెల్ ఆ మాట అనలేదు, అనకపోవడంలోనే అతని బలమంతా ఉంది. తెలుగులో ‘కడిగేశారు’ అన్న ఒక్క క్రియ చాలు, ఎర్రబస్సుని డిపోలో కడిగినట్టు. అది తెలిసీ రాయలేకపోతున్నాను.

చాలా ఏళ్ళకి ఆ కుర్రాడు గుడివాడ స్టేషన్లో కనిపించాడు. అప్పటికి తనూ మేష్టరే. పక్కన కూతురు. “ఆ గన్నరు పద్యం ఉన్న పుస్తకం ఇంకా ఉందాండీ?” అన్నాడు. మర్నాడు పోస్టులో పంపించాను. ఆ పేజీ అంచున ఎర్ర పెన్సిలుతో ‘ఐరనీ, పది మార్కులు’ అని నేను రాసుకున్నది అలాగే ఉంచేశాను.