వర్తుల ఆర్థికం: తాళం ఎవరి చేతిలో?

వాడేసిన వస్తువుని పారెయ్యకుండా బాగుచేసి, విప్పి, ఇంకో వస్తువుగా మార్చుకోవటాన్ని ఇవ్వాళ సర్క్యులర్ ఎకానమీ అంటున్నారు. తెలుగులో వర్తుల ఆర్థిక వ్యవస్థ. ఇది నడవాలంటే మెషీన్లు ఒకచోట పెట్టి నలుగురూ వాడుకునే ఉమ్మడి ఆవిష్కరణ కేంద్రాలు కావాలంటున్నారు. మాట బాగానే ఉంది. ఆ నలుగురూ ఎవరన్నదే నా ప్రశ్న.

ముందు ఈ వాదనలో నిజమెంతో చూద్దాం. హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చిలో టి-వర్క్స్ ప్రారంభించింది. నమూనా వస్తువులు చేసుకోవటానికి కావలసిన యంత్రాలు అక్కడ ఒకే కప్పు కింద పెట్టారు. అట్లాంటి చోట, విరిగిపోయిన టేబుల్ ఫ్యాను గేరుని త్రీడీ ప్రింటర్ మీద చేసుకుంటే ఫ్యాను మొత్తం చెత్తకు పోదు. లక్షల ఖరీదు మెషీన్ని ప్రతివాడూ కొనక్కర్లేదు. ఒకరికి మిగిలిన ముక్క పక్కవాడికి ముడిసరుకవుతుంది. జిగురు బదులు స్క్రూలు పెట్టి, రేపు తేలిగ్గా విప్పేట్టు వస్తువుని తయారు చెయ్యొచ్చు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రిపేర్ కెఫే మొదలైంది. ఇరుగుపొరుగు వాళ్ళు పాడైన సామాన్లు తెచ్చుకుని కలిసి బాగుచేసుకునే చోటు అది. అక్కడ మరమ్మతు మరిచిపోయిన పని. మన దగ్గర, కులం మరిచిపోనివ్వని పని.

మా తాత చచ్చిన గొడ్డు తోలు తీసి, లందలో తంగేడు చెక్కతో ఊని, మోటబొక్కెన కుట్టేవాడు. ఊరి పంట ఆ బొక్కెన నీళ్ళతోనే పండింది. కళ్ళంలో నాలుగు గింజలు ఇచ్చి, వాసనొస్తదని వాడని దూరం పెట్టింది ఊరు. మా నాయన టైరు చెప్పులు కుట్టేవాడు. అరిగిన లారీ టైరు మా ఇంటికొచ్చి ఊరి కాళ్ళకి చెప్పయ్యేది.

కిందటేడు నగరంలో ఒక ఉమ్మడి వర్క్‌స్పేస్‌లో ఈ విషయం మీదే సదస్సుకి పోయిన. పాత టైరుతో చేసిన సంచీని బల్ల మీద పెట్టి కొత్త ఆలోచన అన్నారు. నేను మా నాయన చెప్పుల సంగతి చెప్తే చప్పట్లు కొట్టారు. టీ దగ్గర అడిగిన: "అట్లాంటోళ్ళు ఇక్కడికొచ్చి మెషీన్ వాడుకోవచ్చా?" కంపెనీ రిజిస్ట్రేషన్ ఉండాలె, నెల ఫీజు కట్టాలె అన్నారు. ఫారం ఇంగ్లీషులో ఉంది. ఆ గది ఊడుస్తున్న అమ్మకి మాత్రం ఏ ఫారమూ అక్కర్లేకపోయింది.

చట్టం కూడా ఈ దారినే ఉంది. 2022 నవంబరులో ప్రకటించిన ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. వస్తువులు తయారుచేసే కంపెనీలు రిజిస్టరైన రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలె. కార్మికుల్ని గుర్తించమనీ, శిక్షణ ఇప్పించమనీ రాష్ట్రాలకి చెప్పారు. కానీ గల్లీ గల్లీ తిరిగి పాత సామాను మోసుకొచ్చే మనిషికి ఆ సర్టిఫికెట్ డబ్బులో వాటా రాయలేదు.

మనవాళ్ళతో కూడా ఒక మాట చెప్పుకోవాలె. 2009లో 'పోస్ట్ హిందూ ఇండియా'లో కంచ ఐలయ్య మాదిగల్ని శాస్త్రజ్ఞులుగా నిలబెట్టారు. ఆ గౌరవం అవసరమే. అయితే 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమని చెప్పిన సంగతి మరువొద్దు. 2016లో ఊనా దాడి తర్వాత గుజరాత్ దళితులు గొడ్డు కళేబరాల్ని కలెక్టరాఫీసు ముందు పడేసిన సంగతీ మరువొద్దు. విద్యని పొగిడి మనిషిని అదే పనికి కట్టేసుడు కులానికి పాత అలవాటు. ఆ విద్య మనదని చెప్పాలె. ఆ పని మన పుట్టుకకి అంటుకోవద్దని కూడా అంతే గట్టిగా చెప్పాలె.

మరి దారి లేదా? పుణెలో చెత్త ఏరుకునేవాళ్ళు 1993లో 'కాగద్ కాచ్ పత్ర కష్టకరీ పంచాయత్' అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు. 2008లో వాళ్ళ సహకార సంఘం 'స్వచ్ఛ్' నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుంది. దయతో దొరికింది కాదది, సంఘం కట్టి తెచ్చుకున్నది.

ప్రజల డబ్బుతో నడిచే ప్రతి ఉమ్మడి కేంద్రాన్నీ మనం అడగాల్సినవి ఇవి. మెషీన్లు ఎవరు వాడుతున్నారో కులంవారీగా, స్త్రీపురుషులవారీగా లెక్క బయటపెట్టాలె. ఫారాలు తెలుగులో, ఉర్దూలో ఉండాలె. కంపెనీ లేకపోయినా సంఘం పేరు మీద రానివ్వాలె. నిర్వహణ కమిటీలో చెత్త ఏరేవాళ్ళకీ రిపేరు చేసేవాళ్ళకీ కుర్చీ ఇవ్వాలె.

మా నాయన ఆరె, రంపె ఇంట్లో సంచీలో ఉన్నయి. మా తమ్ముడు చెప్పులు కుట్టనన్నాడు. మండల కేంద్రంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నడు. దొరకని భాగం తనే చేసుకోగలిగితే ఎంత బాగుండు అంటడు. వాడికి ఆ తలుపు తీసిననాడు, ఉమ్మడి అన్న మాటని నమ్ముదాం.