రాజుగారి ఎద మీద ఏనుగు

పాత వెండి రూపాయి ఎవరైనా తెచ్చి చూపిస్తే, అది తళతళా మెరుస్తుంటే నాకు దిగులేస్తుంది.

గూడూరు చుట్టుపక్కల చాలా పాత ఇళ్ళలో ఒక విక్టోరియా రూపాయో, జార్జి రూపాయో ఉంటుంది. ఏటా వరలక్ష్మీ వ్రతానికి దాన్ని చింతపండుతోనో విభూతితోనో తోమి కలశం దగ్గర పెడతారు. భక్తితో చేసే పనే. కానీ తోమిన ప్రతిసారీ రాణిగారి దుస్తుల మీది అల్లిక కొంచెం కొంచెంగా చెరిగిపోతుంది. వెండి మీది నలుపు మురికి కాదు, అది గాలిలోని గంధకంతో కలిసి కట్టిన పొర. తెలిసిన సేకర్తలు ఆ పొర ఉన్న నాణేన్నే కోరుకుంటారు.

నాణేనికి ఇచ్చే గ్రేడు అంటే అరుగుదల లెక్క. ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అసలు చేతులు మారనిదైతే అన్‌సర్క్యులేటెడ్. ఉబ్బెత్తుగా ఉన్న చోట్లే ముందు అరుగుతాయి. అభ్రకం రేకుల్ని వెలుతురుకెత్తి మచ్చలు చూసి రకాలు వేరుచేసిన ప్రాంతం మాది, నాణేన్నీ అలాగే దీపం కింద వాల్చి వాల్చి చూడాలి.

అయిదో జార్జి రూపాయిలో నా చూపు నేరుగా ఆయన ఎద మీది చిన్న ఏనుగు దగ్గరికి పోతుంది. 1911లో దాని తొండం పొట్టిగా పడింది. అది పందిలా ఉందని జనం మండిపడ్డారు. ఆ ఏటి నాణేల్లో ఎక్కువ భాగం కరిగించేసి, 1912 నుంచి ఏనుగును సరిదిద్ది వేశారు. తొండం, చెవి విడివిడిగా కనిపిస్తే మంచి నాణెం. ఏనుగు ముద్దగా మారిపోయిందంటే ఎంత మెరిసినా గ్రేడు తక్కువే.

1918 రూపాయిని ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుందని చులకనగా చూస్తారు. నాకు అదంటే ప్రాణం. యుద్ధకాలంలో ఇక్కడ వెండికి కటకట వస్తే, అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. అందులో చాలా భాగం బ్రిటన్ ద్వారా మన టంకశాలలకు చేరింది. అంత చరిత్ర ఉన్న నాణేన్ని తూకానికి అమ్మడం అన్యాయం.

తూకమూ ముఖ్యమే. 1835 నుంచి రూపాయి బరువు సరిగ్గా తులం, 11.66 గ్రాములు. అందులో వెండి 91.7 శాతం. 1940లో వెండి పాలు 50 శాతానికి తగ్గింది, 1947లో నికెల్ రూపాయి వచ్చింది. 1939 ముద్ర బహు అరుదు కాబట్టి నకిలీలూ ఎక్కువే. త్రాసు లేకుండా దాన్ని కొనొద్దు.

మీ ఇంట్లో ఉంటే అంచులు పట్టుకుని తీయండి, తోమకండి, దండలో గుచ్చడానికి కొండీ అతికించకండి. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపే ఆలోచన కూడా వద్దు. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం.