ఉన్నపళంగా సముద్రం దగ్గరికి

ఇంగ్లండ్‌లో ఎక్కడున్నా సముద్రం సుమారు 113 కిలోమీటర్లకు మించి దూరం ఉండదు. తీరానికి అన్నిటికంటే దూరంగా ఉన్నది డెర్బీషైర్‌లోని కోటన్ ఇన్ ది ఎల్మ్స్ అనే పల్లె అని లెక్కగట్టారు. అక్కడివాళ్ళు కూడా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అలల ముందు ఉంటారు. శుక్రవారం సాయంత్రం ఆకాశం కాస్త తెరిపిగా కనిపిస్తే చాలు, ఒక చిన్న సంచీ భుజాన వేసుకుని రైలెక్కి, ఒకటి రెండు రాత్రులు ఏదో ఒక తీర పట్టణంలో గడిపి రావచ్చు. తోడు కోసం చూడకుండా, నెలల ముందు పథకం వేసుకోకుండా వెళ్ళే ఈ ప్రయాణం పైకి చాలా తేలిగ్గా కనిపిస్తుంది. నిజానికి దానికీ ఒక పద్ధతి ఉంది. ఏది ముందే తేల్చుకోవాలి, ఏది దారికి వదిలేయాలి అన్న వివేకం మీదే దాని సుఖమంతా ఆధారపడి ఉంటుంది.

సముద్రం దగ్గర సేదతీరడం ఇంగ్లండ్‌లో వైద్యంగా మొదలైంది. యార్క్‌షైర్ తీరంలోని స్కార్‌బరోలో 1620లలో కొండ కింద ఖనిజ జలాల ఊట బయటపడింది. ఆ నీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళే క్రమంగా సముద్రస్నానానికీ అలవాటుపడ్డారు. గ్రంథుల జబ్బులకు సముద్రపు నీరు మందు అంటూ రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు 1750లో లాటిన్‌లో ఒక గ్రంథం వెలువరించాడు. ఆయన చికిత్స కోసం రోగులు బ్రైటన్‌కు చేరారు. తర్వాతి కాలంలో నాలుగో జార్జ్ రాజుగా సింహాసనం ఎక్కిన యువరాజు 1783లో అదే ఊరికి రావడంతో వైద్యానికి వేడుక తోడైంది. అయినా అది డబ్బున్నవాళ్ళ వేడుకే. 1841లో లండన్ నుంచి బ్రైటన్‌కు రైలుమార్గం పూర్తయ్యాక గుమస్తాలూ దుకాణదారులూ ఒక్కపూట కోసం తీరానికి వెళ్ళగలిగారు. 1871 నాటి చట్టం బ్యాంక్ హాలిడేలు అనే సార్వత్రిక సెలవులను తెచ్చింది. 1938 నాటి చట్టం జీతంతో కూడిన సెలవుకు దారి వేసింది.

1960ల తర్వాత చౌక విమానాలు ఇంగ్లిష్ కుటుంబాలను స్పెయిన్ ఎండల్లోకి తీసుకుపోయాయి. తీర పట్టణాల్లో వారాల తరబడి మకాం వేసే జనం తగ్గారు. కానీ రైళ్ళు, సముద్రంలోకి చొచ్చుకుపోయేలా కట్టిన పియర్లు, ప్రామనేడ్ అని పిలిచే సముద్రపు ఒడ్డు నడకదారులు, వీధి వీధికీ ఉన్న చిన్న బసలు చాలా ఊళ్ళలో నిలిచాయి. ఈ రోజు ఒక మనిషి ఏ ఏర్పాటూ లేకుండా బయల్దేరగలుగుతున్నాడంటే, ఆ ఏర్పాట్లన్నీ రెండు వందల ఏళ్ళుగా ఎవరో చేసిపెట్టబట్టే.

మొదట తేల్చుకోవాల్సింది ఊరు. ఒక్క రాత్రి కోసం వెళ్ళేవాళ్ళకు రెండు గంటల రైలు ప్రయాణం సరైన కొలత. అంతకు మించితే విశ్రాంతి రైల్లోనే కరిగిపోతుంది. లండన్ నుంచి బ్రైటన్ సుమారు గంట దూరం. మార్గేట్, హేస్టింగ్స్ గంటన్నర, కాస్త అటూ ఇటూ. లీడ్స్, యార్క్ ప్రాంతాల వాళ్ళకు స్కార్‌బరో, మాంచెస్టర్ వాళ్ళకు బ్లాక్‌పూల్ దగ్గర. స్టేషన్ నుంచి నడిచి సముద్రం చేరగల ఊరైతే మరీ మంచిది. తీరం తీరు కూడా చూసుకోవాలి. బ్రైటన్‌లో ఉన్నది గులకరాళ్ళ ఒడ్డు, మార్గేట్, బోర్న్‌మత్, స్కార్‌బరోల్లో ఇసుక. వట్టికాళ్ళతో నడవాలన్న ఆశతో గులకరాళ్ళ ఊరికి వెళ్తే నిరాశే మిగులుతుంది.

టికెట్ విషయంలో ఉన్నపళంగా వెళ్ళేవాళ్ళకు ఆఫ్ పీక్ టికెట్టే నేస్తం. అడ్వాన్స్ టికెట్ చౌకే గాని, ఒక రైలుకు కట్టిపడేస్తుంది. ఆఫ్ పీక్ టికెట్ ఉంటే, పనిదినాల్లో ఉదయపు రద్దీ దాటాక, శని ఆదివారాల్లో రోజంతా, నచ్చిన రైలెక్కవచ్చు. వయసును బట్టి, ప్రాంతాన్ని బట్టి దొరికే రైల్‌కార్డులు ఛార్జీలో మూడో వంతు తగ్గిస్తాయి. ఒక హెచ్చరిక: పట్టాల మరమ్మతులు ఎక్కువగా వారాంతాల్లోనే పెడతారు. రైలు బదులు బస్సు ఎక్కించే ఆదివారాలు ఉంటాయి. తిరుగు ప్రయాణం సంగతి బయల్దేరే ముందే ఒకసారి చూసుకోవాలి.

బస కోసం తీర పట్టణాల్లో గెస్ట్ హౌస్‌లు, రాత్రి బసతో పాటు పొద్దున టిఫిన్ కూడా పెట్టే బీ అండ్ బీలు ఉంటాయి. ముందు గది కిటికీలో ‘వేకెన్సీస్’ (గదులు ఖాళీ) అన్న పలక పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. ఆదివారం నుంచి గురువారం దాకా, అందులోనూ వేసవి సెలవులు కానప్పుడు, అప్పటికప్పుడు గది దొరకడం కష్టం కాదు. శనివారం మాత్రం చాలాచోట్ల రెండు రాత్రులైతేనే ఇస్తామంటారు. ఒక్కరే ఉన్నంత మాత్రాన అద్దె సగం కాదు, ఇద్దరు పట్టే గదికి ఇంచుమించు పూర్తి సొమ్మే అడుగుతారు. పై అంతస్తులో, వెనకవైపు ఉండే చిన్న సింగిల్ రూమ్ ఉందేమో అడగడం మేలు. సముద్రం కనబడే కిటికీకి ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. పగలంతా గడిపేది సముద్రం దగ్గరే కదా.

సంచీ విషయంలో గాలి లెక్క ముఖ్యం. తీరపు గాలికి గొడుగు నిలవదు. గాలినీ వాననూ ఆపే పల్చటి జాకెట్, దాని లోపల ఒకదాని మీద ఒకటి వేసుకునే దుస్తులు, పట్టున్న బూట్లు, ఒక తువ్వాలు, ఫోన్‌కు పవర్ బ్యాంక్, రోజూ వేసుకునే మందులు ఉంటే చాలు. కాలాన్ని బట్టి వెలుతురు చాలా మారుతుంది. దక్షిణ తీరంలో జూన్ చివర రాత్రి తొమ్మిది దాటాక సూర్యుడు అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఎంతమాత్రం వదిలేయకూడనిది ఆటుపోట్ల వేళ. విశాఖపట్నంలో పోటుకూ ఆటుకూ మధ్య నీటిమట్టం తేడా రెండు మీటర్లు దాటదు. బ్రిటన్‌లోని బ్రిస్టల్ ఛానల్‌లో ఆ తేడా 14 మీటర్ల దాకా పోతుంది. వెస్టన్ సూపర్ మేర్‌లో ఆటు సమయంలో సముద్రం కనుచూపు మేర వెనక్కి వెళ్ళి బురదమేట బయటపడుతుంది. కొండల కింద నడిచేటప్పుడు పోటు వస్తే వెనక్కి దారి మూసుకుపోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా ఇంకా పెరుగుతుంది. 2004 ఫిబ్రవరి 5న మోర్‌కమ్ అఖాతంలో ఆల్చిప్పలు ఏరడానికి దిగిన చైనా కూలీలు కనీసం 21 మంది పోటుకు చిక్కి చనిపోయారు. వెళ్ళే రోజు పోటు వేళలు ఏ ఊరివైనా ఫోన్‌లో దొరుకుతాయి. వాటిని చూసుకోవడానికి పట్టేది ఒక్క నిమిషం.

నీళ్ళలోకి దిగేవాళ్ళకు చలి మరో ప్రమాదం. ఆగస్టు, సెప్టెంబరుల్లో కూడా దక్షిణ తీరపు నీరు 17, 18 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చలికాలం చివర 10 డిగ్రీల లోపుకు పడిపోతుంది. బంగాళాఖాతం వెచ్చదనానికి అలవాటైన ఒళ్ళు ఆ నీటిలో ఒక్కసారిగా మునిగితే ఊపిరి ఎగపోస్తుంది. అలాంటప్పుడు ఈదడానికి పెనుగులాడకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడే దాకా ఆగమని 1824 నుంచి ప్రాణరక్షణ పనిలో ఉన్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ నేర్పుతుంది. లైఫ్‌గార్డులున్న చోట, ఎరుపు పసుపు జెండాల నడుమనే దిగాలి. ఎర్రజెండా ఎగిరితే దిగకూడదు. ఎవరైనా ఆపదలో ఉంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగాలి. ఒంటరి మనిషి వెళ్తున్న దారినీ తిరిగొచ్చే వేళనూ బస ఇచ్చినవాళ్ళకు చెప్పి వెళ్ళడం మంచి అలవాటు.

ఇలాంటి ప్రయాణానికి హేస్టింగ్స్ చక్కగా ఒదుగుతుంది. ఈస్ట్ హిల్, వెస్ట్ హిల్ అనే రెండు కొండల నడుమ పాతఊరు ఇరుకు సందులతో ఉంటుంది. దాని చివర స్టేడ్ అని పిలిచే ఒడ్డు. అక్కడ రేవు లేదు. అందుకే పడవలను గులకరాళ్ళ మీదుగా యంత్రాలతో లాగి పైకి చేర్చుతారు. ఒడ్డు నుంచే వేటకు పోయే పడవల సమూహాల్లో యూరప్‌లోనే పెద్దవాటిలో ఇది ఒకటి. పక్కనే నల్లటి తారు పూసిన పొడవాటి చెక్క గదులు వరసగా ఉంటాయి. ఒడ్డున చోటు తక్కువ కాబట్టి, వలలూ తాళ్ళూ దాచడానికి జాలరులు వాటిని పైకి పెంచుకుంటూ పోయారు. ఒకప్పటి జాలరుల ప్రార్థనామందిరమే ఇప్పుడు వాళ్ళ మ్యూజియం. 1872లో తెరిచిన పియర్ 2010లో కాలిపోయింది. తిరిగి 2016లో తెరిచారు, మరుసటి ఏడు దానికి భవన నిర్మాణ కళకు ఇచ్చే స్టర్లింగ్ బహుమతి దక్కింది. తూర్పు కొండ ఎక్కితే కొండదారి ఎక్లెస్‌బోర్న్, ఫెయిర్‌లైట్ లోయల వైపు సాగుతుంది. ఆ అంచులు విరిగిపడుతుంటాయి కనుక కంచె దాటకూడదు. ఇదంతా ఒక రోజు నడకలో తీరుతుంది, అదీ తొందర లేకుండా.

భోజనం అంటే ముందు గుర్తొచ్చేది ఫిష్ అండ్ చిప్స్. యార్క్‌షైర్ వైపు హాడాక్, దక్షిణాన కాడ్ ఎక్కువగా దొరుకుతాయి. ఉత్తరాది దుకాణాల్లో చాలావాటిలో ఆవు కొవ్వుతోనే వేయిస్తారు. బంగాళాదుంప చిప్స్ కూడా అందులోనే వేగుతాయి. శాకాహారులు, గోమాంసం ముట్టనివాళ్ళు నూనె ఏమిటో అడిగి తెలుసుకోవాలి. ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, ఆస్పత్రుల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళకు ఇది గుర్తుపెట్టుకోదగ్గ విషయం. చేతిలో తిండి పెట్టుకుని గట్టు మీద నడిస్తే సీగల్ పక్షులు ఎగరేసుకుపోతాయి. గోడకు వీపు ఆనించి కూర్చుని తినడమే దానికి ఉపాయం.

ఇక ఒంటరితనం. దాన్ని లోటుగా చూడనక్కరలేని చోటు ఈ తీరం. ప్రామనేడ్ మీద బెంచీలు సముద్రం వైపు తిరిగి ఉంటాయి కాబట్టి పక్కన ఎవరూ లేరన్న పట్టింపు ఉండదు. పోయినవాళ్ళ జ్ఞాపకార్థం చాలా బెంచీలకు పేరు చెక్కిన చిన్న పలకలు బిగించి ఉంటాయి. పాతకాలపు షెల్టర్లలో కొన్నిటికి నాలుగు వైపులా కూర్చునే చోట్లు, నడుమ అద్దాల అడ్డుతెరలు ఉంటాయి. గాలి మారితే మనిషి ఇటు నుంచి అటు మారి కూర్చోవచ్చు. 1921 శరత్కాలంలో, నరాల నీరసంతో బ్యాంకు ఉద్యోగానికి సెలవు పెట్టిన టి.ఎస్. ఎలియట్ మార్గేట్‌లో ఇలాంటి షెల్టర్‌లో కూర్చుని ‘ది వేస్ట్ ల్యాండ్’లో కొంత భాగం రాశాడు. ఎవరి ఇష్టానికీ నడక ఆపనక్కరలేదు. ఎవరి ఆకలికోసమూ తొందరపడనక్కరలేదు. పలకరింపు కావాలంటే పొద్దున టిఫిన్ బల్ల దగ్గర ఇంటివాళ్ళు, సాయంత్రం గట్టు మీద కుక్కను నడిపించేవాళ్ళు ఉంటారు. చీకటి పడ్డాక మాత్రం దీపాలున్న దారి విడవకపోవడం మంచిది.

ఊరు, తిరుగు రైలు, పోటు వేళ: ఈ మూడూ ముందే తెలిసి ఉంటే మిగతాదంతా కాళ్ళకూ వాతావరణానికీ వదిలేయవచ్చు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు రెండు గంటల్లో చేరే ఊరిని, వారం మధ్యలో ఒక రాత్రిని, వేసవి దాటిన సెప్టెంబరును ఎంచుకోవాలి. నీళ్ళు అప్పటికింకా గోరువెచ్చగా కాకపోయినా ఏడాదిలోకెల్లా మెరుగ్గా ఉంటాయి, గదులు ఖాళీగా ఉంటాయి, గట్టు మీద నడవడానికి చోటుంటుంది.