సంతకం ఎక్కడ?

సెప్టెంబర్ వచ్చిందంటే ఎల్లారెడ్డిపేటలోనైనా, కోరుట్లలోనైనా ఫోన్లలో ఒక మాట తిరుగుతుంది: 1948 సెప్టెంబర్ 17న నిజాం హైదరాబాద్‌ను భారత్‌లో కలిపే విలీన పత్రంపై సంతకం పెట్టాడని. దానికి పోటీగా ఇంకోటి: అలాంటి పత్రమే లేదు, కాబట్టి విలీనమే చెల్లదని. ఇలాంటివి సరిచూసేటప్పుడు కాగితం ఉందా లేదా అని చూడటం సగం పనే. అది ఎంత గడువుకు రాసుకున్నది, దాని తర్వాత ఏ కాగితం వచ్చింది అన్నదాకా వెళ్తేగాని లెక్క తేలదు.

1947 నవంబర్ 29న నిజాం భారత ప్రభుత్వంతో చేసుకున్నది ఉన్న సంబంధాలను ఉన్నట్టే ఉంచే యథాతథ ఒప్పందం, అదీ ఏడాదికే. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ మీదికి కదిలింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, మర్నాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ భారత సైన్యం జనరల్ చౌదరికి లొంగిపోయాడు. లొంగుబాటు వేరు, విలీన పత్రం వేరు. 1947 అక్టోబర్‌లో కాశ్మీర్ మహారాజు సంతకం చేసిన పత్రం లాంటిది ఇక్కడ లేదు. మొదటి పోస్టు అక్కడే పడిపోయింది. రెండోది మొండిది, అందులో సగం నిజముంది మరి. కానీ 1949 నవంబర్‌లో నిజాం ఫర్మానా ఇచ్చి, భారత రాజ్యాంగమే తన రాజ్యానికీ వర్తిస్తుందని ఒప్పుకున్నాడు. (ఆ ఫర్మానా రోజున ఏ పార్టీ జెండా ఎగరేయదు.) 1950 జనవరి 26 నాటి రాజ్యాంగం మొదటి షెడ్యూలులో హైదరాబాద్ బి భాగం రాష్ట్రం, గవర్నర్ లాంటి పదవైన రాజప్రముఖ్‌గా నిజామే. పాత ఒప్పందం పట్టుకుని కోర్టుకెక్కుదామన్నా, సంస్థానాధీశులు రాజ్యాంగానికి ముందు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల తగాదాలను ఆర్టికల్ 363 కోర్టుల పరిధి నుంచి తప్పించింది.

ఇదంతా వకీళ్ల పని కదా అనొచ్చు. షెడ్యూలులో ఒక పేరు ఉందో లేదో చూడటానికి నల్లకోటు అక్కర్లేదు. జనానికి కావాల్సింది నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్ల పీడ వదిలిన రోజు గానీ కాగితం కాదన్న వాదనకు మాత్రం బలముంది. సెప్టెంబర్ 17ను ఏమని పిలవాలి, విమోచనమా, విలీనమా, సమైక్యతా, 2024లో తెలంగాణ ప్రభుత్వం పెట్టిన ప్రజాపాలన దినోత్సవమా అన్నది రాజకీయ తీర్పు, ఏ ఫర్మానా దాన్ని తేల్చలేదు. ‘సంతకం పెట్టాడు’ అన్నది అలా కాదు, అది జరిగిందో లేదో తేలే విషయం. దానిపై అబద్ధమని ముద్ర వేయొచ్చు. తమకు నచ్చని దినోత్సవం పేరు మీద కూడా అదే ముద్ర గుద్దే ఫ్యాక్ట్‌చెకర్లు ఇంకో పార్టీ కార్యకర్తలే.