షికాగో నిఘంటువులూ, మన కంప్యూటర్ గదులూ

విశ్వవిద్యాలయం నెలకొల్పే ఉమ్మడి సాంకేతిక సదుపాయం ఎలా ఉండాలని విద్యార్థులు అడిగినప్పుడల్లా షికాగో విశ్వవిద్యాలయంవారి దక్షిణాసియా నిఘంటువుల సంపుటిని చూపిస్తుంటాను. మెచ్చుకోవలసినది చాలా ఉంది. అయితే మెచ్చుకోలుతో ఆగిపోవడం విమర్శ కాదు.

బ్రౌన్ నిఘంటువు 1903 నాటి ముద్రణ, గ్విన్ నిఘంటువు (1991), బరో-ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1984) మూడూ అక్కడ దొరుకుతాయి. అచ్చు ప్రతిలోని పుటసంఖ్యలను వదలకుండా ఉంచారు. యంత్రంలో చూసిన మాటను పుస్తకంతో సరిచూసుకోవచ్చునన్నమాట. ఆ పని చేయించినవారికి నిఘంటువు అంటే ఏమిటో తెలుసు.

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ ప్రాంతాలనుంచి వచ్చిన మీకు ఈ మూడింటిలో చివరిది ఎక్కువ పనికివస్తుంది. ఇంట్లో అవ్వ వాడే మాట తెలుగుదా, పొరుగు భాషనుంచి వచ్చిందా అనే సందేహం మీకు రోజూ కలిగేదే. తమిళ, కన్నడ, తెలుగు సజాతీయ పదాలు అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. కాని సజాతీయ పదం ఉన్నంతమాత్రాన అది ఎరువు కాదని తేలదు. ధ్వని మార్పులు చూడాలి.

లోపం ఎక్కడంటే, వెతుకులాట ఆరోపాల చుట్టూ తిరుగుతుంది. ‘ఉండాది’ అని విన్న విద్యార్థి ‘ఉండు’ దగ్గరికి తనంతట తానే చేరుకోవాలి. వ్యాకరణం తెలిసినవాడికి ఇది ఇబ్బంది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాషగా పెరిగినవాడికి ఇబ్బందే.

ఇక దంత్య చ, జ ల సంగతి. ‘చాప’లోని చకారం, ‘చీమ’లోని చకారం ఒకటి కావు. బ్రౌన్ ఈ తేడా పాటించాడు. తమిళ, కన్నడాలలో ఈ దంత్య ధ్వనులు లేవు, మరాఠీలో ఉన్నాయి. కనుక తమిళనాట తెలుగులో ఇవి నిలిచాయా, మహారాష్ట్రలో బలపడ్డాయా అన్నది మంచి పరిశోధనాంశం. కాని ౘ, ౙ అక్షరాలకు యూనికోడ్‌లో చోటు దొరికింది 2008లోనే, 5.1వ రూపంతో. 1991 నాటి తొలి రూపంలోనే తెలుగు ఉన్నా వీటికి పదిహేడేళ్లు పట్టింది.

ఆ ఆలస్యం ఖరీదు నాకు తెలుసు. 1998లో ఒక విశ్వవిద్యాలయపు ఉమ్మడి కంప్యూటర్ గదిలో, సరిహద్దు పల్లెల్లో సేకరించిన పదపట్టికలను అప్పటి ఒక ఫాంటులో ఎక్కించాను. దంత్యాలకు వేరే గుర్తులు కల్పించుకున్నాను. మూడేళ్లకు యంత్రాలు మార్చారు, ఫాంటు పోయింది. తెరమీద రోమన్ అక్షరాల గందరగోళం మిగిలింది. గుర్తుల పట్టిక నేను రాసిపెట్టుకోలేదు. అది నా తప్పు. ఆ గదిలో యంత్రాలను చూసుకునేవారున్నారు గాని, ఒక లిపినుంచి మరొక సంకేతంలోకి దత్తాంశాన్ని మార్చి ఇవ్వగలవారు ఒక్కరూ లేరు. మాటలు చెప్పిన ముసలివాళ్లలో చాలామంది ఆ తర్వాత లేరు.

మన విశ్వవిద్యాలయాలు యంత్రాలకు నిధులు అడుగుతాయి, మనిషికి అడగవు. షికాగోవారి పనిలో నాకు నచ్చినది యంత్రం కాదు, పుటసంఖ్యను వదలనివ్వని ఆ మనిషి. ఈ ఏడాది మీరు క్షేత్రకార్యానికి వెళ్లేటప్పుడు ధ్వనిముద్రణ మూలప్రతిని కుదించకుండా దాచండి. వాడిన ప్రతి గుర్తునూ నోటుపుస్తకంలో చేత్తో రాయండి. ఆ పుస్తకాన్ని ముందు నాకు చూపించాకే పట్టికలు ఎక్కించండి.