నిలబెట్టడం 4 గంటలేనా?

పై అధికారి హోదా పెరిగేకొద్దీ ఫైలు మీద రాత తగ్గిపోతుందని ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాలందరికీ తెలుసు. ఓ పొడి సంతకం, కింద తేదీ, అంతే. ఖైదీల చిత్రహింసకు పైవాళ్ల బాధ్యత ఎంతో తేల్చడానికి కూర్చున్నవాళ్లు ఈ పొడి సంతకాలతోనే తంటాలు పడాలి. ఒకప్పటి అమెరికా రక్షణ మంత్రి డోనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ మాత్రం వాళ్లకు కాస్త శ్రమ తగ్గించారు.

2002 నవంబర్ 27న ఆయన శాఖ ప్రధాన న్యాయాధికారి విలియం హేన్స్ ఒక్క పేజీ నోట్ పెట్టారు. అమెరికా సైనిక జైలు గ్వాంటనామోలోని బందీల విచారణకు కోరిన పద్ధతుల జాబితా దానికి జతచేసి ఉంది. బట్టలు తీయించడం, 30 రోజుల దాకా ఏకాంతంలో ఉంచడం, కుక్కలంటే ఉన్న భయాన్ని వాడుకోవడం, 4 గంటల దాకా నిలబెట్టడం అందులో కొన్ని. డిసెంబర్ 2న రమ్స్‌ఫెల్డ్ ఆమోదించి, కింద చేత్తో ఓ మాట చేర్చారు: తాను రోజుకు 8-10 గంటలు నిలబడే ఉంటానని, వీళ్లకు 4 గంటలే ఎందుకని. నిలబడి పనిచేసే బల్ల వాడే మంత్రి వేసిన ఛలోక్తే కావచ్చు. కానీ జాబితాను అంకెలతో సహా చదివారని ఆ సిరా చెబుతోంది. చూడకుండా సంతకం పెట్టానని తప్పుకోవడానికి ఇక వీల్లేదు.

తర్వాతి పని తేదీలను పక్కపక్కన పెట్టి చూడటం. మహమ్మద్ అల్ కహ్తానీ అనే బందీ విచారణను సైనికులే గంటలు, నిమిషాలతో సహా రాసిపెట్టారు. 2005లో ‘టైమ్’ పత్రిక బయటపెట్టిన ఆ లాగ్ నవంబర్ 23న మొదలవుతుంది. మంత్రి సంతకానికి 9 రోజుల ముందు! అప్పటిదాకా ఎవరి నోటిమాట మీద నడిచిందో వెతకాల్సి వస్తుంది.

వీటన్నిటిలోకీ గడుసు కాగితం మాత్రం సంతకం లేనిది. నౌకాదళ ప్రధాన న్యాయాధికారి అల్బర్టో మోరా ఈ పద్ధతులు వద్దని నోటితో ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. 2003 జనవరి 15న అభ్యంతరాలన్నీ ముసాయిదాగా రాసి హేన్స్‌కు పంపారు. ఈ పద్ధతులు ఆపకపోతే సాయంత్రంలోగా సంతకం పెట్టేస్తానన్నారు. సంతకం పడితే అది రికార్డు. ఆ రోజే రమ్స్‌ఫెల్డ్ అనుమతి వెనక్కి తీసుకున్నారు.

సీఐఏ ఇంకో దారి పట్టింది. తన బందీల విచారణల వీడియో టేపులు 92 ఉంటే, వాటిని 2005లో ధ్వంసం చేసింది. అయితే దాని చుట్టూ తిరిగిన ఈమెయిళ్లు మిగిలిపోయాయి. ఆఫీసు కదా, మాయం చేయడానికీ ఉత్తరప్రత్యుత్తరాలు తప్పవు.

గ్వాంటనామో అకృత్యాలకు రమ్స్‌ఫెల్డ్ అనుమతే నేరుగా కారణమని 2008 డిసెంబర్‌లో సెనేట్ సాయుధ దళాల కమిటీ తేల్చింది. మరుసటి నెలలోనే, అక్కడి సైనిక కోర్టు విచారణల అధికారి సుసాన్ క్రాఫర్డ్, కహ్తానీని చిత్రహింస పెట్టామని, అందుకే అతని కేసును కోర్టు విచారణకు పంపలేదని పత్రికాముఖంగా ఒప్పుకున్నారు. ఇన్ని కాగితాలున్నా రమ్స్‌ఫెల్డ్ అమెరికాలో ఏ క్రిమినల్ కోర్టు బోనూ ఎక్కలేదు. 2021లో కన్నుమూశారు. కహ్తానీని మరుసటి ఏడాది మార్చిలో మానసిక చికిత్స కోసం సౌదీ అరేబియాకు పంపించారు.