గ్యారేజీలో గులాబీ పువ్వులు

“పాకం ఎట్లా ఉందో చూడమ్మా” అని ఫోను గిన్నె మీదికి వంచాను. మిన్నియాపొలిస్‌లో సాయంత్రం ఆరు, గుంటూరులో తెల్లవారుజాము ఐదున్నర. “చూస్తే ఏం తెలుస్తుందే, నీళ్లలో వేసి వేళ్లతో పట్టుకో” అంది అమ్మ, కళ్లద్దాలైనా పెట్టుకోకుండా. చల్లటి నీళ్లలో వేసిన చుక్క కరిగిపోకుండా వేళ్ల మధ్య మెత్తటి ఉండ అయితే అది అరిసెల పాకం. లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది. ముదిరితే పళ్లకు పని. ఇంతవరకు ఏ వంటల పుస్తకమైనా చెబుతుంది. గుంటూరు డిసెంబరుకు కుదిరిన లెక్క మైనస్ 15 డిగ్రీల ఊళ్లో ఎందుకు తప్పుతుందో మాత్రం చెప్పదు.

పరాయి దేశంలో పండగ వంట అంటే సరుకులు దొరకవేమోనని మనవాళ్ల బెంగ. అన్నీ దొరుకుతాయి. సోనా మసూరి, బెల్లం, నువ్వులు, ఆఖరికి కరివేపాకు కూడా. దొరకనిది మన ఊరి గాలి. మొదటి ఏడాది నానబెట్టిన బియ్యాన్ని వడేసి, అమ్మ చెప్పినట్టే గుడ్డ మీద గంటసేపు ఆరబోశాను. చలికాలమంతా హీటరు తిరిగే ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, పావుగంటకే బియ్యం ఆరిపోయింది. మిక్సీలో వేస్తే పొడిపొడిగా, కొన్న ప్యాకెట్ పిండిలాగే వచ్చింది. ఆ పిండి పాకాన్నంతా పీల్చేసుకుంది. అరిసెలు వేసవి చేలలా నెర్రెలిచ్చాయి. ఇప్పుడు గడియారం చూడను. పిండి పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే రాలాలి. బియ్యంలో ఆ తడి ఉన్నప్పుడే ఆడించి, పాకం అయ్యేదాకా తడిగుడ్డ కప్పి ఉంచుతాను. ఈ తడి ఎందుకో అమ్మకు ఎప్పుడూ ఆలోచించాల్సిన పని పడలేదు, అక్కడి గాలే చూసుకునేది.

మా ఇంట్లో క్రిస్మస్ విందు ఇరవై ఐదున మొదలు కాదు. వారం ముందే బాణలి పొయ్యెక్కుతుంది. రాత్రిపూట పాటలు పాడుతూ వచ్చేవాళ్ల చేతుల్లో పెట్టడానికి డబ్బాల నిండా పిండివంటలు ఉండాలి. ఇక్కడ నూనె కాగితే పొగ అలారం కూస్తుంది, కిటికీ తెరిస్తే మంచు లోపలికొస్తుంది. అందుకని చాలామంది తెలుగువాళ్లలాగే నేనూ కరెంటు పొయ్యిని గ్యారేజీలోకి మార్చి, తలుపు సగం ఎత్తి, చలికోటు వేసుకునే వంట మొదలుపెట్టాను. అక్కడ ఇంకో పాఠం. పాకంలో పిండి కలిపిన చలిమిడి ఆ చలికి పది నిమిషాల్లో బిగుసుకుపోయింది. ఇప్పుడు గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో పెట్టి, నాలుగేసి ఉండలకు సరిపడా తీసుకుంటాను. అరిసెల చెక్కలు లేవు. రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కితే నూనె బాగానే దిగుతుంది.

పలావు సంగతి తొందరగా చెప్పేస్తాను. మేకమాంసం సోమాలీల హలాల్ దుకాణంలో దొరుకుతుంది. రంపంతో కోస్తారు కాబట్టి ఎముక పొడి ముక్కలకు అంటుకుని ఉంటుంది. నీళ్లు తేటపడేదాకా కడగాల్సిందే. ఇక్కడి చుట్ట తీగ కరెంటు పొయ్యి ఆపేసినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, దాని మీదే దమ్ముకు వదిలితే అడుగు మాడిపోతుంది. నీళ్లు ఇగరగానే గిన్నెను ఓవెన్‌లోకి మార్చడం మేలు. కేకు గురించి అసలు చెప్పను, అది ఏ కొట్లోనైనా దొరుకుతుంది.

నా మనసంతా గులాబీ పువ్వుల మీదే. మైదా, కాస్త బియ్యప్పిండి, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు, చిటికెడు ఉప్పు. పిండి దోసెల పిండికన్నా పలుచగా, గరిటె వెనక సన్నటి పొరలా నిలవాలి. బియ్యప్పిండి కరకరకు, పంచదార రంగుకు. పంచదార ఎక్కువైతే పువ్వు కాలకముందే నల్లబడుతుంది. అసలు విద్య మాత్రం పువ్వు ఆకారపు ఇనప గుత్తిలో ఉంది. ముందు దాన్ని నూనెలో ముంచి కాగనివ్వాలి. చల్లగా ఉంటే పిండి పట్టదు, మరీ కాగితే పిండిలో పెట్టగానే చుయ్‌మని ఉడికి గిన్నెలోనే జారిపోతుంది. పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. పిండి పైఅంచు దాటి ఎక్కిందా, పువ్వు ఇక ఊడి రాదు. గ్యారేజీలో రెండు పువ్వుల మధ్య ఆ నిమిషంలోనే గుత్తి చల్లారిపోయేది. అందుకని పిండి గిన్నెను బాణలికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, గుత్తిని నూనెలోంచి బయట ఎక్కువసేపు ఉంచకుండా పని సాగిస్తాను.

కిందటేడు ఇదంతా చూసి, పక్కింటి పెద్దావిడ మంచులో నడుచుకుంటూ వచ్చింది. వాళ్ల తాతలు నార్వే నుంచి వచ్చినవాళ్లు. నా గుత్తి చూసి గిర్రున వెనక్కి వెళ్లి, పాత తువాలులో చుట్టిన మూట తెచ్చింది. అందులో అదే ఇనప పువ్వు, కాకపోతే పిడి మర బిగించేది. వాళ్లవి రోసెట్‌లు, క్రిస్మస్‌కే చేస్తారు. కేరళలో అచ్చప్పం, శ్రీలంకలో కోకిస్ కూడా ఇలాంటి గుత్తితోనే పోస్తారు.

ఇన్ని దేశాల్లో ఇలాంటి గుత్తే అనుకుంటే, నాకు దేశాలు దాటిన ఫాదర్ హయ్యర్ గుర్తొచ్చారు. గుంటూరు లూథరన్ ఇళ్లలో ఆ పేరు తెలియని పిల్లలుండరు. జర్మనీలో పుట్టి, పెన్సిల్వేనియా లూథరన్‌ల పంపున 1842లో గుంటూరు వచ్చిన మనిషి. అక్కణ్నుంచి తిరిగొచ్చాక ఆయన వెళ్లింది ఈ మిన్నెసోటాకే. 1860లో ఇక్కడి లూథరన్ సినడ్‌ను నిలబెట్టి, 76 ఏళ్ల వయసులో మళ్లీ ఇండియాకు ఓడెక్కారు. నేను ఆయన దారిని తిరగేసి వచ్చినట్టుంది. ఆవిడకు ఇదంతా చెబితే తలూపింది కానీ, చూపు నా బాణలి మీదే ఉంది.

ఆవిడ పువ్వు మీద పంచదార పొడి చల్లి తింది, నేను నా పువ్వు వట్టిదే తిన్నాను. పని అయ్యాక అలవాటు కొద్దీ గుత్తిని కాగితంతో తుడిచి పక్కన పెట్టాను. “సబ్బుతో కడగవు కదా?” అని అడిగింది. మా అమ్మ ఒప్పుకోదన్నాను. వాళ్లమ్మా ఒప్పుకునేది కాదట. తన గుత్తికి నూనె రాసి మళ్లీ ఆ తువాల్లోనే చుట్టుకుంది.